కంపెనీ కార్ రేడియో: డిస్‌ప్లే వస్తోంది, నాలుగు స్పీకర్లూ మూగ. సెట్ మార్చకుండా బాగుచేయడం ఎలా?

అడిగినవారు: మీటర్‌బ్యాండ్

నమస్కారం. కారుతో పాటే వచ్చిన రేడియో గురించి అడుగుతున్నాను. 2004 మోడల్. సెట్ ముందుభాగం డ్యాష్‌బోర్డు వంపులో కలిసిపోయేలా చేసింది, బయట దొరికే సెట్లు ఆ గూట్లో సరిగ్గా కూర్చోవు. స్టీరింగ్ మీది బటన్లు కూడా దీనితోనే పనిచేస్తాయి. అందుకే మార్చే ఆలోచన లేదు, వీలైతే దీన్నే బాగుచేసుకోవాలి.

సెట్ ఆన్ అవుతుంది. డిస్‌ప్లే స్పష్టంగా ఉంది. స్టేషన్లు వెతికి ఆగాల్సిన చోట ఆగుతోంది, సీడీ తిరుగుతోంది, నిమిషాలు కదులుతున్నాయి. కానీ నాలుగు స్పీకర్లలో ఒక్కదాంట్లోనూ పాట లేదు. మొదట్లో ఎండలో నిలిపినప్పుడు మాత్రమే ఇలా అయ్యేది, లోపల చల్లబడ్డాక దానంతటదే పలికేది. రాను రాను పలకడానికి ఎక్కువసేపు పట్టసాగింది, ఇప్పుడు పూర్తిగా మూగబోయింది. ఆన్ చేసినప్పుడు స్పీకర్లలో చిన్న ‘టప్’ మాత్రం వినిపిస్తుంది. 10 ఆంపియర్ల ఫ్యూజు బాగానే ఉంది.

పై మూత తీసి చూస్తే హీట్‌సింక్‌కి బిగించిన 25 కాళ్ల ఐసీ కనిపించింది, దాని మీద టీడీఏ7388 అని ఉంది, పాటని పెంచి నాలుగు స్పీకర్లకీ పంపే ఆంప్లిఫయర్ అదే. మాడిన వాసన లేదు, ఉబ్బిన భాగాలు లేవు. పోయింది ఈ ఐసీయేనా? 25 కాళ్లూ ఊడదీయక ముందే ఖాయం చేసుకునే దారి ఉందా? టేబుల్ మీద నడపాలంటే ఏ వైరు ఎక్కడ ఇవ్వాలి? కరెంటు తీస్తే కోడ్ అడిగే సెట్ కూడా ఇది. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి, టంకం పని వచ్చు.


జవాబు: ఓమ్ నియమం

ఐసీ సంగతి తర్వాత. ముందు కారు వైరింగ్‌ని అనుమానించాలి, ఎందుకంటే అక్కడ లోపం ఉంటే కొత్త ఐసీ వేసినా అది కూడా మూగబోతుంది.

ఈ ఐసీలో నాలుగు చానెళ్లూ బ్రిడ్జ్ పద్ధతిలో నడుస్తాయి. స్పీకర్ మైనస్ వైరు ఎర్త్ కాదు. స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్ల మీదా సరఫరాలో సగం, అంటే 6 నుంచి 7 వోల్టులు ఎప్పుడూ నిలబడి ఉంటుంది. రెండూ సమానం కాబట్టి స్పీకర్ గుండా డీసీ పారదు. ఈ 8 వైర్లలో ఒక్కటి కారు బాడీకి తగిలినా ఐసీ తనను కాపాడుకోవడానికి ఆ చానెల్‌ని ఆపేస్తుంది. కొన్ని సెట్లలో నాలుగూ ఆగిపోతాయి. తలుపుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలో వైర్లు వంగి వంగి పైతొడుగు చిట్లడం అన్నిటికన్నా మామూలు కారణం.

సెట్ నుంచి ప్లగ్గులు ఊడదీసి, స్పీకర్ల ప్లగ్గులో చూడండి. ఐఎస్ఓ ప్లగ్గు (చాలా కార్లలో ఒకేలా ఉండే ప్రామాణిక ప్లగ్గు) అయితే దాన్ని బి అంటారు: 1, 2 వెనక కుడి, 3, 4 ముందు కుడి, 5, 6 ముందు ఎడమ, 7, 8 వెనక ఎడమ. బేసి అంకె ప్లస్. ప్రతి జత మధ్యా 4 ఓమ్‌ల స్పీకర్‌కి 3 నుంచి 4 ఓమ్‌లు రావాలి. ఆ తర్వాత 8 పిన్నుల్లో ఒక్కొక్కదాన్నీ బాడీ ఎర్త్‌తో కొలవండి, మీటర్‌ని పెద్ద రేంజ్‌లో పెట్టి. ఏదీ కదలకూడదు. కొలుస్తూనే తలుపు తెరిచి మూయండి, ఆ కదలికలోనే దొంగ దొరుకుతుంది.

కరెంటు ప్లగ్గు ఎ లో చాలా సెట్లకి 2వ పిన్ను ఫోన్ మ్యూట్, అంటే ఎర్త్‌కి తగిలితే పాటని ఆపేసేది. ఎప్పుడో తీసేసిన హ్యాండ్స్‌ఫ్రీ కిట్ వైరు కొస ఎర్త్‌కి తగులుతుంటే సెట్ అచ్చం మీరు చెప్పినట్టే ప్రవర్తిస్తుంది. ఆ పిన్నుకి వైరు ఉంటే ప్లగ్గులోంచి బయటకి లాగి, కొసకి టేపు చుట్టి చూడండి. 8వ పిన్ను ఎర్త్. సెట్ ఆన్‌లో ఉండగా దానికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 వోల్టుకి మించి కనిపిస్తే ఎర్త్ బిగింపు చూసుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ప్లగ్గులు తిరిగి పెట్టి, సెట్ ఆన్ చేసి, వాల్యూమ్ తగ్గించి, 8 స్పీకర్ వైర్లనీ వరుసగా ఎర్త్‌తో డీసీ వోల్టుల్లో కొలవండి. అన్నీ సున్నా అయితే ఐసీ నిద్రలో ఉంది, లేదా దానికి సరఫరా అందడం లేదు. అన్నీ 6, 7 మధ్య ఉంటే ఐసీ మేలుకునే ఉంది, మ్యూట్‌లో ఉందో లోపలికి పాటే రావడం లేదో చూడాలి. ఒక జతలో రెండు వైర్ల మధ్య వోల్టు దాకా తేడా ఉంటే ఆ చానెల్ పోయింది. ఆ స్పీకర్‌ని వెంటనే విడదీయండి, డీసీ పారితే కాయిల్ మాడిపోతుంది.

ఇంకొకటి, స్పీకర్ వైరుని బాడీకి గీకి చప్పుడు వస్తోందా అని చూసే అలవాటు ఈ సెట్ల దగ్గర పూర్తిగా మానుకోవాలి.


జవాబు: టంకంచుక్క

టేబుల్ మీద నడపడం గురించి. ఎ ప్లగ్గులో 4వ పిన్ను శాశ్వత 12 వోల్టులు, 7వ పిన్ను తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు, 8 ఎర్త్. టేబుల్ మీద 4, 7 రెండింటినీ కలిపి ప్లస్‌కి ఇస్తే చాలు. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి, రెండూ కలిపేస్తాం కాబట్టి ఇక్కడ ఆ బాధ లేదు. 5వ పిన్ను యాంటెనా ఆంప్లిఫయర్‌కి సెట్ నుంచి బయటకి వచ్చే కరెంటు, దానికి ఏమీ ఇవ్వకండి.

సరఫరా 13.8 వోల్టులు, కనీసం 5 ఆంపియర్లు ఉండాలి. బ్యాటరీ చార్జర్‌ని నేరుగా వాడకండి, దాని కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది. బ్యాటరీతో నడిపితే ప్లస్ వైరులో 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ బల్బుని వరుసలో పెట్టండి. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు వెలిగి 1.75 ఆంపియర్ల దగ్గర ఆపేస్తుంది, బోర్డు మాడదు. బల్బు నిండుగా వెలిగితే మొదట అనుమానించాల్సింది ప్లస్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉండే రక్షణ డయోడ్‌ని. ఎవరైనా ఎప్పుడో బ్యాటరీ తిరగేసి తగిలించి ఉంటే అది షార్ట్ అయి ఉంటుంది. బల్బు వెలగకపోతే తీసేసి ఫ్యూజుతో నేరుగా ఇవ్వండి, లేదంటే వాల్యూమ్ పెంచినప్పుడు వోల్టేజీ పడిపోయి సెట్ ఆగిపోతుంటుంది.

ఇది పాత పద్ధతి సెట్ కాబట్టి ఇలా నడుస్తుంది. క్యాన్ బస్ (కారులోని ఎలక్ట్రానిక్ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద సందేశం వస్తేనే మేల్కొనే సెట్లకి 12 వోల్టులు ఇచ్చినా టేబుల్ మీద ఉలకవు పలకవు. చచ్చిందని వాటిని పారేస్తుంటారు, చాలాసార్లు అందులో లోపమే ఉండదు.

మీ లక్షణాలు చూస్తే నా అనుమానం ఐసీ మీదే, కనీసం దాని కాళ్ల దగ్గర టంకం మీద. హీట్‌సింక్ వేడికీ చలికీ సాగి ముడుచుకుంటుంటే ఆ 25 కాళ్ల చుట్టూ టంకం సన్నటి వలయంలా పగులుతుంది. భూతద్దంతో బోర్డు వెనకవైపు చూడండి. పగులు కనిపిస్తే పాత టంకం పీల్చేసి కొత్తది వేయాలి, పాతదాన్ని ఊరికే కరిగిస్తే మళ్లీ అక్కడే విడుతుంది.

ఐసీ మార్చాల్సి వస్తే, పాతదాన్ని పనికొచ్చేలా తీయాలని ప్రయత్నించకండి. కాళ్లని ఐసీ మొదట్లో కట్టర్‌తో తెంపి, హీట్‌సింక్ స్క్రూలు విప్పి, శరీరాన్ని పక్కన పెట్టి, మిగిలిన కాళ్లని ఒక్కొక్కటే వేడిచేసి పట్టకారుతో లాగండి. బోర్డు మీద కాళ్లు అతికే రాగి వలయాలు చెక్కు చెదరవు. ఎర్త్ కాళ్లు విశాలమైన రాగికి అతికి ఉంటాయి, వాటికి లావు మొన, 370 డిగ్రీల వేడి కావాలి. కొత్త ఐసీని ముందు హీట్‌సింక్‌కి స్క్రూలతో బిగించి, ఆ తర్వాతే టంకం వేయండి. తిరగేసి చేస్తే స్క్రూ బిగించేటప్పుడు ఆ ఒత్తిడంతా కాళ్ల మీద పడి, మళ్లీ అదే పగులు మొదలవుతుంది. ఐసీ వేడిని హీట్‌సింక్‌కి అందించే పాత పేస్టు పూర్తిగా తుడిచి, కొత్తది పలచగా పూయాలి.


జవాబు: గుండ్రపుమీట

కోడ్ విషయం నేను చెబుతాను. సెట్ బయటకి తీసినప్పుడు పక్కనున్న లేబుల్ మీది సీరియల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. కారు పుస్తకంలో కోడ్ కార్డు దొరకకపోతే ఆ నంబరుతో, బండి మీదేనని చూపించే కాగితాలతో ఆ కంపెనీ డీలర్‌ని అడగాలి. ఊహించి నొక్కకండి. తప్పు కోడ్ కొన్నిసార్లు పడితే సెట్ తాళం వేసుకుంటుంది, నిరీక్షణ సమయం మొదలవుతుంది. చాలా సెట్లు ఆ సమయాన్ని ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే లెక్కిస్తాయి, ఆపి పక్కన పెడితే అది ముందుకు కదలదు. కోడ్ ఉండేది 8 కాళ్ల చిన్న మెమరీ చిప్‌లో, కరెంటు లేకున్నా చెరిగిపోదు. అందుకని కోడ్ చేతిలోకి వచ్చేదాకా టేబుల్ పరీక్ష మొదలుపెట్టకపోవడమే మంచిది, కోడ్ పడకుండా చాలా సెట్లు పాట వినిపించవు, కొలతలన్నీ పెడదారి పట్టిస్తాయి.


జవాబు: తరంగం

టంకంచుక్క గారు చెప్పిన పద్ధతి నిక్కమే, కానీ ఈ సెట్‌కి ఐసీ మార్చడం దగ్గర మొదలుపెట్టడం నాకు ఒప్పుదల కాదు. నాలుగు చానెళ్లూ ఒకేసారి, ఒకే రకంగా ఆగిపోయాయి. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలితే సాధారణంగా ఒక చానెల్ పోతుంది, ఫ్యూజు ఎగురుతుంది, స్పీకర్‌లో గట్టిగా డీసీ దెబ్బ వినిపిస్తుంది. ఇక్కడ వాటిలో ఏదీ లేదు. పైగా ఆన్ చేసినప్పుడు ‘టప్’ వస్తోందంటే ఔట్‌పుట్లు సగం వోల్టేజీకి లేస్తున్నట్టే లెక్క. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటో దాన్ని చూడాలి.

ఈ ఐసీలో ఉమ్మడివి ఇవి. 6, 20 కాళ్లు సరఫరా. 4వ కాలు స్టాండ్‌బై, 22వ కాలు మ్యూట్. 10వ కాలు దగ్గర 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది, సరఫరాలోని అలజడి పాటలోకి రాకుండా ఆపేది అదే. 4, 22 కాళ్ల మీద 3.5 వోల్టులకి పైన ఉంటే ఐసీ పాడుతుంది, 1.5 కంటే తక్కువైతే 4వ కాలు నిద్రపుచ్చుతుంది, 22వ కాలు నోరు మూయిస్తుంది. స్టాండ్‌బైలో ఔట్‌పుట్లు సున్నాకి పడిపోతాయి. మ్యూట్‌లో మాత్రం ఔట్‌పుట్లు 6, 7 వోల్టుల్లో నిక్షేపంగా నిలబడే ఉంటాయి, పాట మాత్రం రాదు. ఈ తేడా తెలియకపోతే ఐసీ బాగుందని ఒకరు, పోయిందని ఒకరు వాదించుకుంటూనే ఉంటారు.

సెట్ ఆన్ చేసి, స్పీకర్లు తగిలించి, ఎర్త్‌తో 6, 20, 4, 22, 10 కాళ్లు కొలిచి ఇక్కడ రాయండి. మీటర్ మొన పక్క కాలికి జారకుండా దానికి ప్లాస్టిక్ తొడుగు తొడిగి, కొసన 2 మిల్లీమీటర్లు మాత్రమే బయట ఉంచండి. 22కి అటూ ఇటూ ఉన్న 21, 23 కాళ్లు రెండూ ఔట్‌పుట్లే, జారితే 7 వోల్టులు నేరుగా మ్యూట్ దారిలోకి వెళతాయి.

దానితో పాటే, 22వ కాలు నుంచి బోర్డు మీది గీత వెంట వెళితే ఒక రెసిస్టర్, ఎర్త్‌కి ఒక చిన్న కెపాసిటర్ కనిపిస్తాయి. ఐసీ తయారీదారు సూచించిన సర్క్యూట్‌లో అవి 47 కిలో ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్. ఆ రెసిస్టర్‌కి అటువైపు, అంటే ప్రాసెసర్ వైపు కొసలో కూడా వోల్టేజీ కొలవండి. అన్నిటికన్నా ఎక్కువ చెప్పే కొలత అదే.


అడిగినవారు: మీటర్‌బ్యాండ్

అందరికీ ధన్యవాదాలు. కోడ్ కార్డు దొరికింది, వేశాను. కారు వైరింగ్‌లో లోపం కనిపించలేదు: నాలుగు జతలూ 3.4 నుంచి 3.7 ఓమ్‌లు, బాడీతో ఏదీ కలవడం లేదు, ఫోన్ మ్యూట్ పిన్ను ఖాళీ. టేబుల్ మీద రెండు స్పీకర్లతో కొలతలు ఇవీ. 6, 20 కాళ్లు 13.6. ఔట్‌పుట్లు ఎనిమిదీ 6.6, 6.7. 4వ కాలు 4.8. 22వ కాలు 0.3. రెసిస్టర్ మీద 473 అని ఉంది, అంటే 47 కిలో ఓమ్‌లే, దానికి అవతలి కొసలో 4.9. 10వ కాలు 6.5 దగ్గర నిలకడగా ఉంది. టంకంలో పగుళ్లు కనిపించలేదు.


జవాబు: తరంగం

ఐసీ బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకండి.

ప్రాసెసర్ 4.9 వోల్టులు పంపుతోంది, అంటే మ్యూట్ తియ్యమనే చెబుతోంది. రెసిస్టర్ దాటేసరికి 0.3 మాత్రమే మిగిలింది. 4.6 వోల్టులు 47 కిలో ఓమ్‌ల మీద పడిపోయాయంటే దాని గుండా సుమారు 0.1 మిల్లీఆంపియర్ పారుతోంది. అది ఎర్త్‌కి పోయే దారి ఆ 1 మైక్రోఫారడ్ కెపాసిటరే అయి ఉంటుంది. లెక్క ప్రకారం దానిలోపల 3 కిలో ఓమ్‌లంత లీకేజీ ఉంది. అంత పెద్ద రెసిస్టర్ వెనక ఈ చిన్న లీకేజీ చాలు నాలుగు చానెళ్ల నోరూ మూయించడానికి. ఎండలో మూగబోవడానికి కారణం కూడా ఇదే: ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో లీకేజీ వేడితో పెరుగుతుంది. కంటిన్యుటీ బజర్‌తో చూస్తే దొరకదు, 3 కిలో ఓమ్‌లకి బజర్ మోగదు.

రుజువు చేసుకోవడం తేలిక. కరెంటు తీసి, ఆ కెపాసిటర్‌ని ఊడదీసి, అది లేకుండానే వాల్యూమ్ తగ్గించి ఆన్ చేయండి. 22వ కాలు 4.5 దాకా లేచి పాట వస్తే తేలిపోయినట్టే. మ్యూట్ నెమ్మదిగా కదలడానికే ఆ కెపాసిటర్ ఉంది కాబట్టి అది లేనప్పుడు ఆన్, ఆఫ్‌లలో ‘టప్’ గట్టిగా ఉంటుంది, కంగారుపడకండి. అలాగే వదిలేయకూడదు కూడా.

ఒకవేళ కెపాసిటర్ తీసినా వోల్టేజీ లేవకపోతే రెండు అవకాశాలు. కారిన ద్రవం బోర్డు మీద పరుచుకుని అదే కరెంటు పారిస్తూ ఉండవచ్చు: ఐరన్ తగిలించగానే చేపల వాసన వస్తుంది, చుట్టుపక్కల టంకం మెరుపు పోయి గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో, కెపాసిటర్ ఉన్న చోట కింది దాకా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. అప్పటికీ లేవకపోతే అదే గీత మీద మ్యూట్‌ని ఎర్త్‌కి లాగే చిన్న ట్రాన్సిస్టర్ ఏదైనా ఉందేమో వెతకాలి, దాని కలెక్టర్ కాలిని ఎత్తి చూడాలి.


జవాబు: టంకంచుక్క

తరంగం గారి కొలత ఈ సెట్ విషయంలో సందేహం మిగల్చలేదు. కెపాసిటర్ ఎంపిక గురించి కొంచెం. బోర్డు మీద నేరుగా అతికే చిన్న అల్యూమినియం డబ్బా రకమైతే పట్టకారుతో మెలితిప్పి లాగకండి, కింద రాగి ముక్కతో సహా ఊడి వస్తుంది. రెండు కాళ్ల మీదా కొత్త టంకం ఎక్కువగా వేసి, ఐరన్‌ని అటూ ఇటూ మార్చి వేడిచేస్తే తనంతట జరుగుతుంది. దాని బదులు 1 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎక్స్7ఆర్ (వేడికి విలువ పెద్దగా మారని రకం) సిరామిక్ వేయండి, ఆ చోట అది ఎండిపోదు, కారదు, ప్లస్ మైనస్ బెడద లేదు. 4వ కాలు దగ్గర ఉండే కెపాసిటర్ కూడా అదే విలువ, అదే వయసు, దాన్నీ ఇప్పుడే మార్చండి. అది లీకైతే సెట్ మూగబోవడమే కాదు, ఐసీ అసలు మేల్కొనదు.

10వ కాలు దగ్గరి 47 మైక్రోఫారడ్‌ని ఎలక్ట్రోలైటిక్‌గానే ఉంచి, 105 డిగ్రీల రకం, 16 లేదా 25 వోల్టులది వేయండి. సరఫరా మీద ఉండే పెద్ద 2200 మైక్రోఫారడ్‌ని ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల శబ్దం ఉంటేనే మార్చండి. కొత్తది కొనేముందు ఎత్తు, చుట్టుకొలత కొలుచుకోవాలి, సీడీ మెకానిజం దాని పైనే కూర్చుంటుంది. బోర్డు మీద ఉన్న కెపాసిటర్లన్నీ వరుసగా మార్చేయాలన్న తొందర వద్దు. ట్యూనర్ దగ్గర అనవసరంగా చెయ్యి పెడితే బాగున్న ఎఫ్ఎం పాడవుతుంది.


అడిగినవారు: మీటర్‌బ్యాండ్

కెపాసిటర్ ఊడదీసి ఆన్ చేస్తే 22వ కాలు 4.6, నాలుగు చానెళ్లూ పలికాయి. ఊడిన కెపాసిటర్‌ని మీటర్‌తో చూస్తే రెండు దిక్కులా 3 కిలో ఓమ్‌ల దగ్గరే ఆగింది. కింద బోర్డు కొద్దిగా గోధుమ రంగుకి తిరిగి ఉంది, కడిగాను. 22, 4 కాళ్ల దగ్గర సిరామిక్‌లు, 10వ కాలు దగ్గర కొత్త 47 మైక్రోఫారడ్ వేశాను. ‘టప్’ మళ్లీ చిన్నదైంది. ఇక కారులో బిగించే ముందు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?


జవాబు: ఓమ్ నియమం

టేబుల్ మీదే వాల్యూమ్ మధ్యలో పెట్టి ఒక గంట నడిపించి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆ కెపాసిటర్ల చోటుని వెచ్చచేస్తూ 22వ కాలు కొలవండి. వేడిలోనూ 4 వోల్టులకి పైనే ఉండాలి. తగ్గుతుంటే కడగడం సరిపోలేదు, కింద ఇంకా ద్రవం మిగిలింది.

తీసిన స్క్రూలన్నీ తిరిగి పెట్టండి, ముఖ్యంగా హీట్‌సింక్‌ని పెట్టెకి బిగించేవి. ఈ సెట్లలో ఐసీ వేడి బయటకి పోయేదీ, చాలావాటిలో ఎర్త్ కలిసేదీ వాటి ద్వారానే. సెట్‌ని గూట్లోకి తోసేటప్పుడు వెనక వైర్ల కట్ట హీట్‌సింక్ రెక్కలకీ లోపలి ఇనుప పట్టీకీ మధ్య నలగకుండా, దాన్ని కిందికి వంచి పంపండి. యాంటెనా ప్లగ్గు చివరిదాకా దిగిందో లేదో దూరపు స్టేషన్ ఒకటి పట్టి చూశాక మాత్రమే పక్క క్లిప్పులు నొక్కండి.